ఆలూరు సీమ నాటకాల్లో కాలి హార్మోనియం

ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1 వరకూ బళ్ళారి జిల్లాలోనే ఉండేది. అందుకే ఈ సీమ నాటకం కథ బళ్ళారిలో మొదలవుతుంది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదినీ సభను స్థాపించి, పాటలూ పద్యాలూ నిండిన నాటకాలు ఆడించారు. పాట పెరిగేకొద్దీ శ్రుతి పట్టి గొంతు వెంట నడిచే వాద్యం కావలసి వచ్చింది. ఆ చోటు హార్మోనియానికి దక్కింది.

చేతిపెట్టెలో ఎడమచెయ్యి తిత్తి ఊదడానికే సరిపోతుంది. కాలిపెట్టెలో ఆ పని పాదాలది. రెండు చేతులూ మెట్ల మీదే. కుడిచెయ్యి పద్యం వెంట పరుగెడుతుంటే ఎడమచెయ్యి కింది షడ్జమాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది. పెట్టెలు చేసేవారు బాస్, మేల్, ఫిమేల్ అని పిలిచే రీడ్లలో ఆ గంభీరమైన అడుగు నాదం బాస్ వరసదే. మైకు లేని రాత్రుల్లో నటుడికి అదే ఆధారం.

పద్యానికి తాళం లేదు. రాగం ఎంతసేపు తీస్తాడన్నది నటుడి ఇష్టం. హార్మోనిస్టు అతని ఊపిరిని కనిపెట్టి ఉండాలి. పాత్ర మారితే శ్రుతి మారుతుంది. కర్ణాటక రాగం, హిందుస్తానీ బాణీ, భజన, సినిమా వరస, సరిహద్దు సీమ కనుక కన్నడ పాట, అన్నీ ఆ చేతులకు తెలిసి ఉండాలి.

గమకం పలకదన్న అభ్యంతరంతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ సడలించలేదు. కచేరీకి ఆ మాట చెల్లుతుందేమో గానీ నాటకపు పందిట్లో చెల్లదు. అక్కడ పెట్టె మోగుతూనే వచ్చింది.