ఒక మాట - పెక్కు మజిలీలు

నల్లసముద్రపు ఆగ్నేయతీరమున, టర్కీలోని రిజే, ఆర్త్విన్ సీమలలోను, సరిహద్దున నున్న జార్జియా గ్రామము సర్పిలోను లాజ్ అను భాష వినవచ్చును. ఇది జార్జియను భాషకు జ్ఞాతి. మింగ్రేలియనునకు మరింత సన్నిహితము. ద్రాక్షాసవమును లాజులు ‘ఘ్విని’ యందురు. జార్జియనులు ‘ఘ్వినో’ యందురు.

ఈ మాటను పోలినవి దూరదేశముల నున్నవి. ఆర్మీనియనున ‘గిని’, ప్రాచీన గ్రీకున ‘ఒయినోస్’, హీబ్రూలో ‘యాయిన్’, లాటినున ‘వీనుమ్’. లాటిను మాటను జర్మానిక్ జాతులు మిక్కిలి పూర్వమే గ్రహించినవి. నాడు లాటిను వకారమును పెదవులు గుండ్రముగా చేసి పలికెడివారు. ఆ ధ్వనియే ఆంగ్లపు ‘వైన్’లో నేటికిని నిలిచినది. మన వీధులలోని ‘వైన్ షాపు’ ఆ పరంపరలో నొక కడపటి మజిలీ.

మరి మొదటి మజిలీ యేది? మెలిపెట్టుట యను అర్థముగల ఇండో-యూరోపియను ధాతువునుండి పుట్టి, పిదప కాకసస్ భాషలలో చేరెనని కొందరు పండితుల మతము. కాకసస్ ప్రాంతముననే పుట్టి నలుదిక్కులకు వ్యాపించెనని మరికొందరందురు. జార్జియాలోని గదాచ్రిలి గోరా, షులావెరిస్ గోరా అను దిబ్బలలో లభించిన కుండపెంకులలో, క్రీ. పూ. 6000 ప్రాంతపు ద్రాక్షాసవపు ఆనవాళ్లు కలవని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇది రెండవ పక్షమునకు బలమువలె తోచును. కాని కుండ పానీయమును చూపగలదే కాని, దానిని నాటివారు ఏమని పిలిచిరో చెప్పజాలదు. అప్పటికి లిపియే లేదు.

కావున సోదరభాషల రూపములను సరిపోల్చుటయే శరణ్యము. ఆ సాక్షులలో నొకటైన లాజ్, యునెస్కో వారి అంతరించుచున్న భాషల పట్టికలో చేరియున్నది. పెద్దల నోట నున్న పలుకుబడిని వ్రాసియుంచుకొననిచో, ఈ విచారణలో నొక సాక్ష్యము శాశ్వతముగా లోపించును.