సాలీడు కాటుకు భయం వద్దు... నిర్లక్ష్యమూ వద్దు
ఇంటి శుభ్రతే అసలైన నివారణ

ఉదయగిరి: వానలు మొదలైతే మెట్ట ప్రాంత పల్లెల్లో పురుగూ పుట్రా ఇళ్లలోకి చేరడం పరిపాటి. కొండల దిగువనున్న ఉదయగిరి పరిసరాల్లోనూ, సోమశిల జలాశయానికి చేరువలోని ఆత్మకూరు పరిసరాల్లోనూ సాలెపురుగు కనిపించని ఇల్లు ఉండదు. ఏదో పురుగు కుట్టిందని పసరు పూసి ఊరుకోవడం, సాలీళ్లు పోవాలని పొలం మందును ఇంట్లో చల్లడం రెండూ ప్రాణాల మీదికి తెచ్చే అలవాట్లే. ఈ నేపథ్యంలో ప్రజలు తెలుసుకోవలసిన అంశాలివి.

ఏవి హానికరం?
ప్రపంచవ్యాప్తంగా 50 వేలకు పైగా సాలీడు జాతులను శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎరను చంపేందుకు వీటిలో దాదాపు అన్నింటికీ విషం ఉంటుంది. మనిషికి హాని చేయగలిగినవి మాత్రం అతి కొద్ది. మూలల్లో బూజు అల్లే పొడవు కాళ్ల సాలీళ్లు, కిటికీల వద్ద ఈగలపైకి దూకే చిన్న సాలీళ్లు, రాత్రివేళ గోడలపై బొద్దింకలను వేటాడే పెద్ద గోధుమ రంగు సాలీళ్లు ప్రాణాంతకం కావు. పైగా ఇవి ఇంట్లోని ఇతర పురుగులను తగ్గిస్తాయి.

చెట్టు తొర్రల్లో నివసించే రోమాల సాలీళ్ల సంగతి వేరు. ఇవి కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టేయడం కొన్ని రోజులపాటు బాధిస్తాయి. ఈ కోవకు చెందిన నీలి రంగు సాలీడును అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. శతాబ్దం తరువాత 2001లో నంద్యాల - గిద్దలూరు మధ్య అడవుల్లో అది మళ్లీ కనిపించింది. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవిగా 2008లో దానిని గుర్తించారు. అడవి అంచు గ్రామాల్లో ఇటువంటి సాలీళ్లు కనిపిస్తే చేతితో పట్టుకోరాదు, చంపరాదు. అటవీ సిబ్బందికి తెలియజేయడం మేలు.

అన్నీ సాలీడు కాట్లు కావు
ఒంటిపై బొబ్బలు లేస్తే సాలీడు పాకిందని భావించడం మన పల్లెల్లో కద్దు. వానాకాలంలో దీపాల వెలుగుకు వచ్చే, చీమను పోలిన ఎరుపు నలుపు పట్టీల చిన్న పురుగు చర్మంపై నలిగినా ఒకటి రెండు రోజుల్లో మంట, బొబ్బలు వస్తాయి. దానిని చేత్తో నలపకుండా ఊది తొలగించి, ఆ చోటును సబ్బుతో కడగాలి. నడుము, ఛాతీ లేదా ముఖానికి ఒక పక్కనే వరుసగా నీటిపొక్కులు లేస్తే అది సర్పి వ్యాధి కావచ్చు. మూడు రోజుల్లోగా వైద్యం మొదలైతే మందులు బాగా పనిచేస్తాయి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది కట్లపాము కాటు. రాత్రివేళ నేలపై నిద్రించేవారిని ఇది కరిచినా నొప్పి, వాపు పెద్దగా ఉండవు. గాట్లు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, శ్వాస అందకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. ఎర్రతేలు కుట్టినప్పుడు చెమటలు, వాంతులు, గుండెదడ, కాళ్లూ చేతులూ చల్లబడటం ప్రమాద సూచికలు. ప్రాజోసిన్ మాత్రతో ఎర్రతేలు బాధితులను కాపాడవచ్చని మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ నిరూపించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. ఈ మందును వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.

నివారణ ఇలా...
* వారానికోసారి బూజుకర్రతో గూళ్లను, వాటితోపాటు తెల్లని గుడ్ల సంచులను తొలగించాలి. ఒక్కో సంచి నుంచి పదుల సంఖ్యలో, కొన్ని జాతుల్లో వందల సంఖ్యలో పిల్లలు వస్తాయి.
* వంటచెరకు, రాళ్లు, పాత పెంకులను గోడకు ఆనించి పేర్చరాదు. చెక్క చెంచాలు, గరిటెల తయారీకి ఇళ్ల వద్ద కలప నిల్వ చేసే ఉదయగిరి కుటుంబాలు దుంగలను కర్రతో కదిలించిన తరువాతే చేయి పెట్టాలి.
* గోడల పగుళ్లను పూడ్చాలి. తలుపుల కింద సందులు మూయాలి. కిటికీలకు దోమల జాలీ అమర్చాలి.
* వాకిట్లో తెల్లని వెలుగుకు బదులు పసుపు రంగు దీపం వాడితే పురుగులు తగ్గుతాయి. ఆహారం లేనిచోట సాలీడు నిలవదు.
* మంచాన్ని గోడకు దూరంగా వేసి, దోమతెర అంచులను పరుపు కిందికి మడవాలి. చెప్పులు, దుస్తులు దులిపి వేసుకోవాలి. రాత్రివేళ టార్చిలైటు లేకుండా బయటకు వెళ్లరాదు.

పురుగుమందు వద్దు
సాలీడు కాళ్ల కొనలపై నడుస్తుంది. కనుక నేలపై చల్లిన మందు దానికి అంతగా అంటదు. ఇంట్లో పసిపిల్లలకు, వంట సామగ్రికి మాత్రం ముప్పు తప్పదు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది చిన్నారులు మృతి చెందారు. మిగిలిన పొలం మందులను ఇంట్లో ఉంచరాదు. ఖాళీ డబ్బాలను దేనికీ వాడరాదు.

కుడితే ఏం చేయాలి?
గాయాన్ని సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ ఉంచాలి. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం, సున్నం, పసరు పూయడం తగదు. సాలెగూడును గాయానికి అంటించే పాత అలవాటు కూడా మానాలి. ధనుర్వాతం టీకా అవసరమో కాదో వైద్యుడు చెబుతారు. పాముకాటు మందు సాలీడు విషానికి పనిచేయదు. కనుక కుట్టిన పురుగును వీలైతే ఫొటో తీసి చూపించాలి.

2012లో అస్సాంలోని సదియాలో సాలీళ్ల భయం వ్యాపించినప్పుడు ఇద్దరు మరణించారు. వారు తొలుత నాటువైద్యులను ఆశ్రయించారని, బ్లేడుతో గాయం కోయించుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. నొప్పి ఒళ్లంతా పాకినా, వాంతులు, చెమటలు, ఆయాసం కనిపించినా, బాధితులు చిన్నారులైనా 108కు ఫోన్ చేసి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి.