సెరెంగెటి వైమానిక జంతు గణన

సెరెంగెటి వైమానిక జంతు గణన అనగా తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశానికి చెందిన సెరెంగెటి జాతీయ వనంలోను, దాని పరిసర మైదానాలలోను సంచరించే వన్యమృగాలను విమానంపై నుండి లెక్కించే కార్యక్రమం. దీనిని 1958 జనవరిలో జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ జిమెక్, ఆయన కుమారుడు మైకేల్ జిమెక్ ప్రారంభించారు. ఆ తరువాత పలు దశాబ్దాల పాటు కొనసాగిన గణనల వల్ల సెరెంగెటి, ప్రపంచంలో అతి నిశితంగా పరిశీలించబడిన వన్యప్రాంతాలలో ఒకటిగా పేరు పొందినది. విమానం నుండి తీసిన ఛాయాచిత్రాల ద్వారా నేలను, చిత్తడి నేలలను, జంతుజాలాన్ని కొలిచే వైమానిక సర్వే పద్ధతికి ఇది ఒక ప్రముఖ ఉదాహరణ.

తెలుగు పత్రికలలో "ఏరియల్ సర్వే" అన్న మాట ఎక్కువగా వరద ప్రాంతాలను నాయకులు హెలికాప్టర్ నుండి చూసి రావడాన్ని సూచిస్తుంది. ఈ వ్యాసంలోని సర్వే అటువంటిది కాదు. ఇందులో విమానం ముందుగా నిర్ణయించిన గీతలపై, నిర్ణీతమైన ఎత్తులో ఎగురుతుంది. చూసిన ప్రతిదీ నమోదు అవుతుంది.

నేపథ్యం

సెరెంగెటి జాతీయ వనం 1951లో, అప్పటి బ్రిటిష్ పాలనలోని టాంగన్యీకాలో ఏర్పడినది. నేటి వైశాల్యం 14,763 చ.కి.మీ. మొదట్లో గొరొంగొరో అగ్నిపర్వత బిలం, దాని చుట్టూ ఉన్న ఎత్తైన ప్రాంతాలు కూడా ఈ వనంలోనే ఉండేవి. ఆ భూములలో మసాయి అనే పశుపాలక తెగవారు ఎంతోకాలంగా ఆవులను మేపుకుంటూ నివసిస్తున్నారు. వనరక్షణ నియమాలకు, మసాయిల పశువుల మేతకు మధ్య తగవులు పెరగడంతో 1956లో ప్రభుత్వం వనాన్ని విభజించే ప్రతిపాదన చేసినది. దానిపై విమర్శలు రాగా పియర్సాల్ అనే జీవావరణ శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతాన్ని పరిశీలించి 1957లో నివేదిక ఇచ్చాడు.

ఇక్కడి చిక్కు ఏమిటంటే, సరిహద్దు ఎక్కడ గీయాలో తెలియాలంటే జంతువులు ఏ ఋతువులో ఎక్కడ ఉంటాయో తెలియాలి. అప్పటికి ఆ సంగతి సరిగా ఎవరికీ తెలియదు. సెరెంగెటిలో పది లక్షలకు పైగా జంతువులున్నాయని చెప్పుకునేవారు గాని, అది కేవలం ఊహ.

మొదటి గణన

బెర్న్‌హార్డ్ జిమెక్ (1909-1987) 1945 నుండి 1974 వరకు ఫ్రాంక్‌ఫర్ట్ జంతు ప్రదర్శనశాలకు అధిపతిగా ఉన్నాడు. ఆయన మొదట తాను సేకరించిన ధనంతో భూమి కొని వనాన్ని విస్తరింపజేయాలని తలపెట్టాడు. టాంగన్యీకా జాతీయ వనాల అధికారి పీటర్ మల్లాయ్, అంతకంటె జంతువుల సంఖ్యను, వలస మార్గాలను కనుగొనడం మేలని సూచించాడు. అందుకు తండ్రీకొడుకులిద్దరూ విమానం నడపడం నేర్చుకున్నారు. డోర్నియర్ డీఓ-27 అనే చిన్న విమానాన్ని కొని, దానికి జీబ్రా చారల రంగు వేయించి, జర్మనీ నుండి ఆఫ్రికాకు నడుపుకొని వచ్చారు. తక్కువ వేగంతో ఎగరగలగడం, చిన్నపాటి మైదానంలో కూడా దిగగలగడం ఆ విమానం ప్రత్యేకతలు.

ప్రాంతాన్ని భాగాలుగా విభజించుకొని, ఒక్కొక్క భాగంపై సమాంతర రేఖలలో ఎగురుతూ జంతువులను లెక్కించారు. మొత్తం 3,66,980 పెద్ద జంతువులు లెక్కకు వచ్చాయి. వీటిలో 99,481 విల్డెబీస్ట్‌లు (గ్నూలు). ప్రజలు అనుకున్న సంఖ్యలో ఇది చాలా తక్కువ. గుంపుల కదలికలను ఋతువుల వారీగా గుర్తించడమే కాక, అవి మేసే గడ్డి రకాలను, నేల స్వభావాన్ని కూడా వీరు పరిశీలించారు. వానకాలంలో విల్డెబీస్ట్ గుంపులు ప్రతిపాదిత సరిహద్దును దాటి తూర్పు మైదానాలకు పోతాయని ఈ పరిశీలనలో తేలినది. ఆ మైదానాలలోని నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడినది. అక్కడి పొట్టి గడ్డిలో కాల్షియం, భాస్వరం ఎక్కువ. అందువల్ల విల్డెబీస్ట్‌లు ఈనడానికి, పిల్లలకు పాలివ్వడానికి అక్కడికి చేరుతాయి.

మైకేల్ మరణం

1959 జనవరి 10న మైకేల్ ఒంటరిగా విమానం నడుపుతుండగా ఒక రాబందు విమానానికి ఢీకొన్నది. విమానం కూలి మైకేల్ మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు. ఆయనను గొరొంగొరో బిలం అంచున సమాధి చేశారు. 1987లో మరణించిన బెర్న్‌హార్డ్ చితాభస్మాన్ని కూడా అక్కడే ఉంచారు.

ఈ పని ఆధారంగా తీసిన డాక్యుమెంటరీ చిత్రం 1959లో విడుదలైనది. "సెరెంగెటి చనిపోరాదు" అని దాని జర్మన్ పేరుకు అర్థం. 1960లో దానికి ఉత్తమ డాక్యుమెంటరీ చిత్రంగా ఆస్కార్ పురస్కారం లభించినది. అదే పేరుతో వెలువడిన పుస్తకం అనేక భాషలలోకి అనువాదమైనది.

సరిహద్దుల మార్పు

గణన ఫలితాలు వచ్చినా సరిహద్దుల మార్పు ఆగలేదు. 1959లో గొరొంగొరో బిలం, తూర్పు మైదానాలలో కొంత భాగం వనం నుండి విడిపోయి గొరొంగొరో పరిరక్షణ ప్రాంతంగా ఏర్పడ్డాయి. బదులుగా వనాన్ని ఉత్తరాన కెన్యా సరిహద్దు వరకు పొడిగించారు. పరిరక్షణ ప్రాంతంలో మృగాలు, మసాయిలు, వారి పశువులు కలిసి ఉండవచ్చునన్నది నియమం. అయితే సెరెంగెటి వనంలో నివసిస్తున్న మసాయిలు తమ మేత భూములను, నీటి వసతులను వదలి అక్కడికి తరలిపోవలసి వచ్చినది. జంతువులను లెక్కించిన పటాలలో మనుషుల అవసరాలకు తగినంత చోటు దక్కలేదన్న విమర్శ ఆనాటి నుండి ఉన్నది. గొరొంగొరోలో మసాయిల నివాస హక్కులపై వివాదం 21వ శతాబ్దంలో కూడా కొనసాగుతున్నది.

గణన పద్ధతులు

వైమానిక గణనలో ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

* సంపూర్ణ గణన: ప్రాంతమంతటినీ విమానంతో గాలించి కనబడిన ప్రతి జంతువునూ లెక్కిస్తారు. ఏనుగులు, అడవిదున్నలు వంటి పెద్ద జంతువులకు ఇది అనుకూలం.
* నమూనా గణన: సమాన దూరంలో గీసిన రేఖలపై ఎగురుతూ, ఇరువైపులా ఒక నిర్ణీత పట్టీలోని జంతువులను మాత్రమే లెక్కిస్తారు.
* ఛాయాచిత్ర గణన: విమానం అడుగున బిగించిన కెమెరాతో నిట్టనిలువుగా చిత్రాలు తీసి, తరువాత నేలపై తీరికగా లెక్కిస్తారు. విల్డెబీస్ట్‌ల వంటి పెద్ద గుంపులకు ఇదే తగినది.

నమూనా గణనలో విమానం రెక్కల ఆధార కడ్డీలకు రెండేసి కర్రలు కడతారు. వాటి నడుమ కనబడే నేలే లెక్కించవలసిన పట్టీ. ఉదాహరణకు ఇరువైపులా 150 మీటర్ల చొప్పున పట్టీ ఉంటే, 100 కి.మీ. ఎగిరినప్పుడు 30 చ.కి.మీ. పరిశీలించినట్లు. అందులో 60 జంతువులు కనబడితే చ.కి.మీ.కు 2 చొప్పున సాంద్రత. మొత్తం ప్రాంతం 3,000 చ.కి.మీ. అయితే జంతువుల సంఖ్య 6,000 అని అంచనా.

పట్టీ వెడల్పు విమానం ఎత్తును బట్టి మారుతుంది. 300 అడుగుల ఎత్తులో ఎగరవలసిన విమానం 330 అడుగులకు లేస్తే పట్టీ పదింట ఒక వంతు వెడల్పవుతుంది. పైలట్ గమనించకపోతే లేని జంతువులు లెక్కలోకి వస్తాయి. అందువల్ల ఎత్తును ఖచ్చితంగా చూపే రాడార్ పరికరాన్ని వాడతారు. దీనికి విరుద్ధమైన దోషం కంటితో లెక్కించడంలో ఉన్నది. గుంపు పెద్దదైన కొద్దీ మనిషి తక్కువ లెక్కిస్తాడు. చెట్ల నీడలో నిలబడిన జంతువులు కనబడవు. 1958 నాటి గణనలో కూడా వాస్తవం కంటె తక్కువ సంఖ్య వచ్చి ఉండవచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు భావించారు. 1970లలో మైకేల్ నార్టన్-గ్రిఫిత్స్ ఈ పద్ధతులన్నిటినీ క్రోడీకరించి ఒక కరదీపిక రచించాడు.

తరువాతి ఫలితాలు

1961 నాటి వైమానిక గణనలో విల్డెబీస్ట్‌ల సంఖ్య సుమారు 2.6 లక్షలు. 1977 నాటికి అది 13 లక్షలు దాటినది. ఈ పెరుగుదలకు ముఖ్య కారణం రిండర్‌పెస్ట్ (ముసర వ్యాధి) తొలగిపోవడం. 19వ శతాబ్దం చివర తూర్పు ఆఫ్రికాకు వచ్చిన ఈ అంటువ్యాధి పశువులను, వాటి ద్వారా విల్డెబీస్ట్‌లను, అడవిదున్నలను చంపుతూ ఉండేది. వనం చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో 1960ల తొలినాళ్లకు ఇది వన్యమృగాలలో కనబడకుండా పోయినది.

విల్డెబీస్ట్‌లు పెరిగి గడ్డిని మేయడం వలన ఎండాకాలపు కార్చిచ్చులు తగ్గాయి. కార్చిచ్చులు తగ్గగా మొక్కలు చెట్లయ్యాయి. ఒక పశువ్యాధి నివారణ అడవి రూపాన్నే మార్చినదన్న సంగతి ఈ వరుస గణనల వల్లనే వెల్లడైనది. 1993లో వచ్చిన తీవ్రమైన కరువు వల్ల విల్డెబీస్ట్‌ల సంఖ్య సుమారు 9 లక్షలకు పడిపోయి, ఆ తరువాత కోలుకున్నది.

2010లో వనం ఉత్తర భాగం గుండా రహదారి నిర్మించాలని టాంజానియా ప్రభుత్వం తలపెట్టినది. అది వలస మార్గానికి అడ్డు వస్తుందని శాస్త్రజ్ఞులు అభ్యంతరం తెలిపారు. 2014లో తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం వనం గుండా తారు రోడ్డు వేయరాదని తీర్పు ఇచ్చినది.

ఇదే పద్ధతిని ఖండమంతటా వాడినది మహా ఏనుగుల గణన. దీని ఫలితాలు 2016లో వెలువడ్డాయి. టాంజానియాలో 2009లో సుమారు 1,09,000 ఉన్న ఏనుగులు 2014 నాటికి సుమారు 43,000కు తగ్గాయని తేలినది. దంతాల కోసం జరిగిన వేటయే ఇందుకు ప్రధాన కారణం.

ఉపగ్రహాల కాలం

21వ శతాబ్దంలో విమానాలతో పాటు ఉపగ్రహ చిత్రాలను, వాటిలోని జంతువులను గుర్తించే కంప్యూటర్ ప్రోగ్రాములను వాడటం మొదలైనది. 2025లో ప్రచురితమైన ఒక అధ్యయనం 2022, 2023 సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, వలస విల్డెబీస్ట్‌లు 6 లక్షలకు లోపే ఉన్నాయని తెలిపినది. దశాబ్దాలుగా చెప్పుకుంటున్న 13 లక్షలలో ఇది సగం కూడా కాదు. పాత పద్ధతిలో నమూనా ఆధారంగా గుంపుల సంఖ్యను ఎక్కువగా అంచనా కట్టడం జరిగిందా, లేక కొన్ని గుంపులు ఉపగ్రహ చిత్రాల పరిధి బయట ఉన్నాయా, లేక నిజంగానే జంతువులు తగ్గాయా అన్నది తేలవలసి ఉన్నది. తగ్గుదల నిజమైతే కారణాలను త్వరగా కనుగొనాలి. 1958లో విమానం ఎక్కిన తండ్రీకొడుకుల ముందున్న ప్రశ్న కూడా ఇటువంటిదే.

ఇవి కూడా చూడండి

* సెరెంగెటి జాతీయ వనం
* గొరొంగొరో పరిరక్షణ ప్రాంతం
* మసాయి
* విల్డెబీస్ట్
* రిమోట్ సెన్సింగ్