లెక్కలోని దోషమును లెక్కించుట

ఒకటి, రెండు, మూడు అని లెక్కించుటకన్న సులువైన పని లేదని తోచును. కాని అట్లు లెక్కించిన సంఖ్యల సగటును ఎంతవరకు నమ్మవచ్చునను ప్రశ్న గణితజ్ఞులకు చిరకాలము పని కల్పించినది.

1837లో ఫ్రెంచి గణితవేత్త పాయిసాన్ అరుదైన సంఘటనల సంఖ్యకు వర్తించు నియమము నొకదానిని ప్రకటించెను. ఆ నియమము ననుసరించి సగటును, విస్తృతియు సమానములు. సంఖ్యలు సగటునుండి ఎంతగా చెదరియున్నవో తెలుపు కొలతయే విస్తృతి. 1898లో బోర్ట్‌కీవిచ్ అను పండితుడు ప్రష్యా సైన్యమున గుఱ్ఱపు తాపులవలన మరణించినవారి లెక్కలను ఈ నియమముతో సరిచూచెను. పది సైనిక విభాగములకు ఇరువది సంవత్సరముల లెక్కలు, అనగా 200 సంఖ్యలు. మొత్తము మరణములు 122. సగటు 0.61. విస్తృతియు ఇంచుమించు అంతే!

అదే పరిశీలనమును మరల మరల జరిపినచో ఈ సగటు ఎంత అటునిటు ఊగును? ఆ ఊగుటకు కొలతయే ప్రామాణిక దోషము. గడచిన కాలమును మరల నడిపించుట ఎవరి తరము? కనుక దానికి బదులుగా రెండు త్రోవలు ఏర్పడినవి.

మొదటిది అనుకరణ పద్ధతి. ఒక నియమమును నిజమని నమ్మి, దానినుండి కృత్రిమముగా సంఖ్యలను పుట్టించి, వాని సగటులు ఎట్లు మారుచున్నవో చూచుట. మెట్రోపోలిస్, ఉలామ్ అనువారు 1949లో ప్రకటించిన వ్యాసముతో ఇది 'మాంటీ కార్లో' అను పేర ప్రసిద్ధి కెక్కినది. రెండవది బూట్‌స్ట్రాప్ పద్ధతి. 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బ్రాడ్లీ ఎఫ్రాన్ దీనిని ప్రతిపాదించెను. ఇందులో ఏ నియమమును ముందుగా నమ్మ బనిలేదు. చేతనున్న సంఖ్యలనే చీట్లుగా వ్రాసి కుండలో వేసి, ఒకటి తీసి చూచి, మరల అందులోనే వేయుచు, మొదట ఎన్ని యుండెనో అన్నిటిని తీయవలెను. ఇట్లు వేయి మారులు చేసినచో వేయి సగటులు లభించును.

గుఱ్ఱపు తాపుల లెక్కకు రెండు పద్ధతులును ఇంచుమించు 0.055 అనియే చెప్పును. నియమము సరిపడినచోట వివాదము లేదు.

వివాదమెల్ల మరియొక చోట. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో ఫిరంగిగుండ్లు చేయుచుండిన 647 మంది స్త్రీలకు అయిదు వారములలో జరిగిన ప్రమాదముల లెక్కను గ్రీన్‌వుడ్, యూల్ అనువారు 1920లో పరిశీలించిరి. 447 మందికి ఒక్క ప్రమాదమైనను లేదు; 132 మందికి ఒక్కొక్కటి; 42 మందికి రెండేసి; 21 మందికి మూడేసి; ముగ్గురికి నాలుగేసి; ఇద్దరికి అయిదో, అంతకు మించియో. ఆ ఇద్దరికిని అయిదేసిగానే గణించినను సగటు 0.47 కాగా, విస్తృతి 0.69. ప్రమాదభయము అందరికిని ఒక్కతీరున లేదన్నమాట. పాయిసాన్ నియమమునుండి అనుకరణ చేసినచో ప్రామాణిక దోషము 0.027 అని వచ్చును. బూట్‌స్ట్రాప్ మాత్రము 0.033 అని చెప్పును.

ఈ స్వల్పభేదమువలన నేమగును? ఆ కర్మాగారమున నొక క్రొత్త రక్షణ విధానము ప్రవేశపెట్టి, పిదప ప్రమాదములు కొంచెము తగ్గినవనుకొందము. దోషమును తక్కువగా గట్టినచో, కేవలము యాదృచ్ఛికమైన తగ్గుదలను విధాన విజయమని భ్రమపడుదుము. ఫలితము లేని ఏర్పాటును నమ్ముకొని స్త్రీలు పనిచేయుచునే యుందురు.

ఇందు అనుకరణ పద్ధతి తప్పు లేదు. ఎంచుకొన్న నియమమే తప్పు. ఒక్కొక్కరి ప్రమాదభయము ఒక్కొక్క తీరున నుండునని గ్రీన్‌వుడ్, యూల్ కల్పించిన నియమమునుండి అనుకరించినచో, రెండు సమాధానములు మరల దగ్గరపడును. బూట్‌స్ట్రాప్ కూడ సర్వరోగ నివారిణి కాదు. ఒకే యంత్రము చెడి పలువురికి ఒకేసారి గాయములైనచో, విడివిడి చీట్లు తీయుట మోసపుచ్చును. అట్టిచోట యంత్రమునకొక చీటి వ్రాయవలెను. సంఖ్యలు మరీ కొద్దివైనచో, కుండలో లేని అరుదైన ఆపద ఎన్ని మారులు తీసినను బయటికి రాదు.

కావున రెండు త్రోవలను నడచి చూచుట మేలు. సమాధానములు కలిసినచో కొంత ధైర్యము. కలియనిచో, ఆ సంఖ్యల వెనుకనున్న మనుష్యులలో మనము గమనింపని భేదమేదో కలదని యెఱిగి, దానిని వెదకవలెను.