బాప్తిస్మమునకు తగిన కాలము

ఉప్పలునుండి నాచారమునకు పోవు బాటలో ఆదివారము ఉదయమున నడచువారికి అద్దె యిండ్ల మేడలపైనుండి ప్రార్థనల పాటలు వినవచ్చుచుండును. నాచారపు కర్మాగారములలో పనికై ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబములు కొన్నింటికి ఆ కూటమే బంధువర్గము. అట్టి గృహస్థుడొకడు, మాయొద్ద చదువుకొను బాలుని తండ్రి, యిటీవల మమ్మిట్లడిగెను: “సారూ, యేసయ్యను నమ్మి మూడేండ్లాయె. పాస్టరుగారు బాప్తిస్మానికి ఇంక ఆలస్యం వద్దంటున్నడు. మా అన్న ఆగుమంటున్నడు. వెనకటోళ్లు ఎట్ల చేసిన్రు?” మొదటి మాటకు బదులు చెప్పుటకు మేము గురువులము కాము. కడపటి మాట చరిత్రకు సంబంధించినది గావున దానినిట విచారింతుము.

ఆదిమ క్రైస్తవులలో నిరీక్షణ లేదు. అపొస్తలుల కార్యముల గ్రంథము ప్రకారము పెంతెకొస్తునాడు మూడువేలమంది ఆనాడే చేరిరి. ఫిలిప్పీలోని చెరసాల అధికారి నమ్మిన రాత్రియే కుటుంబముతో బాప్తిస్మము పొందెను. తరువాతి శతాబ్దములలో సంఘము జాగ్రత్తపడెను. హిప్పోలితునిదిగా చెప్పబడు పురాతన నియమావళి మూడేండ్ల శిక్షణను విధించి, శ్రద్ధగలవానికి కాలమునుబట్టికాక నడవడినిబట్టి తీర్పు చేయవలెనని సడలింపు నిచ్చినది. బాప్తిస్మానంతర పాపమునకు క్షమాపణ దుర్లభమను భయముచే మరికొందరు జీవితాంతమువరకు ఆగిరి. కాన్‌స్టంటైను చక్రవర్తి 337లో మరణశయ్యపై గాని దానిని పొందలేదు.

ఈ ప్రశ్న తెలుగుదేశమున తీవ్రరూపము తాల్చినది ఒంగోలులో. అమెరికను బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొర 1866లో అచట స్థిరపడెను. ఆ యేటనే తాళ్లకొండపాడు వాస్తవ్యుడగు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొంది, తన మాదిగ బంధువులలో బోధ నారంభించెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురితో ఏర్పడెను. పిమ్మట 1876–78 నాటి మహాక్షామము వచ్చెను. క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. పనివారు తమలో పేరయ్యవంటి బోధకుల మాటలు విని బాప్తిస్మము కోరిరి. దొర ఇయ్యలేదు. కూలి యిచ్చు చేతితోనే బాప్తిస్మము నిచ్చినచో అది గింజలకొరకైన మతమని లోకమనును, తనకే సందేహము కలుగును. ఏడాదికి పైగా బాప్తిస్మములు నిలిచిపోయెను.

1878 జూన్ నాటికి సహాయము ముగిసెను. ఇక ధనము లేదని చెప్పినను జనము కదలలేదు. తాము కష్టపడి కూలి తిన్నామనియు, మరల పంట పోయి చావవలసివచ్చినచో క్రైస్తవులుగనే చత్తుమనియు వారు బదులు చెప్పిరట. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లిలో, జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. జూలై 3న నీటిలో నిలిచి ఆ కార్యము నడిపినవారు దొరగారు కారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుచు నడిపిరి. ఆ సంఖ్యను చూచి ఇది తొందరపాటని యాక్షేపించుట సులభము. కాని అది ఏడాది నిరీక్షణకు ఫలమని మరువరాదు.

దీనికి పూర్తిగ భిన్నమైన దారియు మన దేశముననే కలదు. కృష్ణాజిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావుగారు ప్రధానోపాధ్యాయులు. 1942లో తమకు క్రీస్తు దర్శనమైనదని చెప్పి, తుదివరకు ఆయన భక్తులైయుండియు, బాప్తిస్మమును, చర్చిని నిరాకరించి 1981లో గతించిరి. క్రీస్తునకు కాదు, మతసంస్థకు లోబడుటయే బాప్తిస్మమని వారి వాదము. వారితో ఏకీభవింపనక్కరలేదు, కాని దానిని ఆలస్యమనరాదు, అది తెలిసి చేసిన నిర్ణయము.

మా మిత్రుని అన్న ఆగుమనుటకు కారణము వేరు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినను క్రైస్తవులకు విస్తరింపలేదు. తెలంగాణములో 15 శాతముగల వర్గమునుండి మారినవాడు ఒక్క శాతముగల బి.సి. ‘సి’ వర్గములోనికి పోవును. నీట మునిగినంతమాత్రమున ఊరిలో వానినెవ్వరును మాదిగ యనుట మానరు. కాగితము మాత్రము మానును. కుమారుని చదువు తలచి తండ్రి జంకినచో కపటియని నిందించుటకు మనమెవరము? ఆనాడు గింజలవలన మతము శంకింపబడెను. ఈనాడు మతమువలన గింజలకు లోటు కలుగుచున్నది.

మే మా తండ్రికి తిథి చెప్పలేదు. వెల్లంపల్లి కథ చెప్పి, దొర ఆపినది జనుల విశ్వాసమును కాదు, దానికంటిన అనుమానమునని యంటిమి. “ఎవరి ఒత్తిడియు లేక, పోగొట్టుకొనున దేదో లెక్కించుకొని, అయినను వలయునని నీ మనస్సు చెప్పిన దినమే తగిన దినము. అది రేపు కావచ్చును, పదేండ్లకు కావచ్చును” అంటిమి. ఆయన కొంతసేపూరకుండి, “అయితే లెక్క నేనే చూసుకోవాలె” అని పిల్లవాని చేయి పట్టుకొని వెడలెను.