అడవి దాటడం - గట్టెక్కడం



ఈ మధ్య గుండె ఆపరేషనైన మన సభ్యుడొకరిని చూడబోయినప్పుడు డాక్టరు గారు "నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్" అన్నారు. మిత్రుని తమ్ముడు బిక్కమొగంతో "అడవి ముచ్చట ఇప్పుడెందుకు సార్?" అని నన్నడిగాడు. ఇంకా గండం గడవలేదని డాక్టరు మాట.

అడవి దాటకముందే సంతోషంతో కేకలు వేయవద్దని ఇంగ్లీషు వారికొక పాత సామెత. అది 18వ శతాబ్దంలోనే వాడుకలో ఉన్నది. దొంగలు, మృగాలు ఉన్న అడవిలో దారి తప్పిన బాటసారి భయం అందులో ఉన్నది. మనం అదే భావాన్ని "గట్టెక్కాడు" అంటాము. వరద గోదావరిని పడవలో దాటి ధర్మపురి రేవులో కాలు పెట్టిన మా తాతలకు ఆ మాట అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆదిలాబాదు వైపు మాత్రం అడవే గండం. నేను 1974లో మలేరియా శాఖలో చేరి ఉట్నూరు ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి రక్తపు పూతలు తీసేవాణ్ణి. 1953లో జాతీయ కార్యక్రమం మొదలుకాక ముందు దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. డి.డి.టి. పుణ్యమా అని 1961 నాటికి కేసులు 50 వేలకు దిగాయి. ఇక మలేరియా పోయినట్లేనని నమ్మి పట్టు సడలించారు. దోమ డి.డి.టి.కి అలవాటు పడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. అడవి దాటకముందే దేశమే కేక వేసిందన్నమాట!

నేనూ అంతే. ఆ ఏడే నాకు చలిజ్వరం వచ్చింది. మరునాడు చెమట పట్టి ఒళ్ళు తేలికైంది. ఊరంతటికీ మాత్రలు పూర్తిగా మింగమని చెప్పే నేను, నా మాత్రలు సంచిలో పడేసి సైకిలెక్కాను. రోజు విడిచి రోజు జ్వరం తిరగబెట్టడం దాని గుణమని తెలియక కాదు. మూడోనాడు దారిలోనే వణుకుతూ పడిపోయాను. ఒక గోండు ముసలాయన గొంగడి కప్పి, ఎడ్లబండిలో దవాఖానకు చేర్చాడు. ఆయన పేరైనా అడగలేదు. ఇప్పటికీ అదే బాధ.

మొన్న తమ్ముడు ఫోను చేశాడు: "సార్, అన్నను వార్డుకు మార్చిన్రు. అడవి దాటినట్టేనా?"

"మందులు ఆపనీయకు. ఇంటికి తెచ్చినంక చెప్పు, నేనొస్త" అన్నాను.