బయలుదేరక మునుపు



మన ప్రాంతములో నర్సింగు, వైద్యము చదివిన యువతీయువకులు అనేకులున్నారు. వారిలో కొందరు సెలవు పెట్టి నేపాలు వంటి దేశమునకు వెళ్ళి, కొండలెక్కి, అక్కడి గ్రామములలో ఉచితముగా వైద్యసేవ చేయాలని ఆశపడుతున్నారు. ఆశ మంచిదే. అయితే సంచి సర్దుకొనక మునుపు మన పల్నాటి చరిత్రను ఒకసారి తిరగవేయమని మిమ్మును కోరుచున్నాను. ఎందుకంటే, ఇటువంటి ప్రయాణము చేసి మన దగ్గరకే వచ్చినవారు ఉన్నారు. వారు ఎలా సిద్ధపడ్డారో చూద్దాము.

మొదట ధరణికోట. ఇప్పుడు పల్నాడు జిల్లాలో, అమరావతి ప్రక్కన, కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరే ఒకనాటి ధాన్యకటకము. సుమారు 639వ సంవత్సరములో హ్యూయన్‌త్సాంగ్ అను చైనా బౌద్ధ భిక్షువు ఇక్కడికి వచ్చాడు. అతడు వైద్యుడు కాడు. కానీ పర్వత ప్రయాణమంటే ఏమిటో అతనికి తెలుసు. మధ్య ఆసియాలోని మంచు కొండలు దాటునప్పుడు అతని తోటివారిలో పలువురు చలికి, ఆకలికి చనిపోయారని అతని జీవితచరిత్ర చెబుతోంది. అంత కష్టపడి వచ్చినవాడు ఇక్కడ ఏమి చేశాడు? కొన్ని నెలలు ఆగి, ఇక్కడి పండితుల దగ్గర కూర్చుండి చదువుకొన్నాడు. ఈ సంగతి మనస్సులో ఉంచుకొనండి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వద్దాము. ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. పెద్దలు ఫాదర్ హయ్యర్ అంటారు. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ పట్టణములో పుట్టి, చిన్నతనములోనే అమెరికా చేరాడు. అమెరికా లూథరన్ సంఘము ఇండియాకు పంపిన మొదటి మిషనరీ ఆయనే. 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కాడు. అప్పటికి సూయజ్ కాలువ లేదు, అది తెరిచినది 1869లో. కనుక ఓడ ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలెను. 1842 జూలై 31న గుంటూరు చేరాడు. లెక్క వేయండి, తొమ్మిది నెలలు దాటింది! అప్పుడాయన వయస్సు 49 సంవత్సరములు.

ఆయన ఏ దేశములో అడుగుపెట్టాడు? అంతకు పది సంవత్సరముల క్రితమే, 1832-33లో, నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జ్వరము, మశూచి, కలరా ఏటేటా వచ్చేవి. బోధ చేయుటకు వచ్చినవాని గుమ్మము ముందు రోగులు నిలబడితే చెప్పవలసినది మాట ఒక్కటే కాదు గదా! సువార్తికుడు లూకాను కూడా పౌలు తన పత్రికలో వైద్యుడనియే పేర్కొన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. హయ్యర్‌గారు నాలుగు సంవత్సరముల లోపే ఆరోగ్యము చెడి అమెరికాకు తిరిగి వెళ్ళాడు. యాభై దాటినవాడు. ఇక చాలు, నా వంతు చేశాను అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన మాత్రము బాల్టిమోర్‌లో వైద్యము చదివాడు. 1847లో, తన పుట్టినరోజుతో 54 ఏండ్లు నిండిన ఆ సంవత్సరములోనే, వైద్య పట్టా పుచ్చుకొన్నాడు. తన మనవల వయస్సుకు కొంచెము పెద్దవారైన కుర్రవాళ్ళ ప్రక్కన కూర్చుండి చదివి ఉంటాడని నేననుకొంటాను. నాకు ఆయన ఓడ ప్రయాణము కంటే ఈ చదువే పెద్ద సాహసముగా కనబడుతుంది.

పట్టాతో మరల వచ్చి, 1849లో పల్నాటిలోని గురజాలలో పని ప్రారంభించాడు. 1857 వరకు ఈ ప్రాంతములో ఎక్కువ కాలము గడిపాడు. గుంటూరు నుండి గురజాలకు ఈనాడు బస్సులో కొన్ని గంటలు. ఆనాడు రాతినేల, ముళ్ళడొంకలు, పడమట నల్లమల కొండలు. జ్వరము దోమవలన వచ్చుననికూడ అప్పటికి ఎవరికీ తెలియదు. అది బయటపడినది 1897లో, రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో చేసిన పరిశోధనతో. కనుక హయ్యర్‌గారు ఎంత చదివినా ఆయన చేతిలో ఉన్న వైద్యము చిన్నదే.

తరువాత వచ్చినది డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఈమె 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదువు ముగించింది. వైద్యురాలిని పంపుటకు మిషను బోర్డు సిద్ధముగా లేనందున, 1883లో ఉపాధ్యాయురాలి పేరు మీదనే గుంటూరు వచ్చింది. అయితే మందులు, పరికరములు వెంట తెచ్చుకొన్నది! పగలు బోధన, మిగిలిన వేళలో వైద్యము. మగ డాక్టరు ఎదుటికి రాని స్త్రీలు ఈమె దగ్గరకు వచ్చారు. 1898లో గుంటూరు ఆసుపత్రి తెరువబడింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

సరే, ఇప్పుడు మీ సంగతి. కొండదేశమునకు వెళ్ళదలచిన తమ్ముడా, చెల్లెమ్మా, నీవు ఎప్పుడు సిద్ధపడుట మొదలుపెట్టాలి? కనీసము ఆరు నెలల ముందు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు, సాధారణముగా ఆరు నెలలలో పూర్తియగును. రక్తము ముట్టుకొనే పని చేసేవారికి అది తప్పనిసరి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతము, కుక్కకాటు టీకాల గురించి నీ డాక్టరును అడుగు. నేపాలు వెళ్ళుటకు మనకు వీసా అక్కరలేదు. కాని వీసా లేనంత మాత్రమున వైద్యము చేయుటకు అనుమతి ఉన్నట్లు కాదు. విదేశీ డాక్టరు అక్కడి మెడికల్ కౌన్సిల్ వద్ద తాత్కాలిక నమోదు చేయించుకొనవలెను. పిలిచిన సంస్థను ఈ కాగితము గురించి ముందే అడగండి. వారు తడబడితే అనుమానించండి.

ఇక ఎత్తు. కృష్ణ ఒడ్డున పెరిగిన మన శరీరమునకు పల్చని గాలి అలవాటు లేదు. 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వాంతులు, నిద్రలేమి రావచ్చును. నేను బలవంతుడను, నాకేమి అనుకోవద్దు, ఎత్తు జబ్బు బలమును చూడదు. కొండవీడు కొండ రోజూ ఎక్కితే కాళ్ళు గట్టిపడతాయి, బూట్లు పాదమునకు అలవడతాయి, అంతవరకే. 3,000 మీటర్లు దాటాక పడుకొనే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. తలనొప్పి ఉండగా పైకి పోరాదు, తగ్గకపోయినా, మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసము వచ్చినా వెంటనే క్రిందికి దిగాలి. ఎసిటజోలమైడ్ మాత్ర ఉన్నది గాని, డాక్టరును అడగకుండ మింగవద్దు. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారు ఫెరిచే, మనాంగ్ అను చోట్ల చికిత్సా కేంద్రములు నడిపిస్తున్నారు. అక్కడ పనిచేసే వారిలో స్వచ్ఛంద వైద్యులున్నారు. పేషెంటుగా కాక డాక్టరుగా ఆ ఊరు చేరాలంటే నెమ్మదిగా ఎక్కినవారికే సాధ్యము.

మందుల విషయములో ఒక మాట. గడువు తీరబోయే మందులు దానమని మూటగట్టుకొని పోవద్దు. అక్కడి ఆరోగ్య కార్యకర్త వాడగలిగినవి ఏవో ఉత్తరము వ్రాసి తెలిసికొనండి. రక్తపోటుకు పదిహేను రోజుల మాత్రలిచ్చి వచ్చేస్తే పదహారవ రోజున ఆ ముసలమ్మ ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు జవాబు దొరకకపోతే మొదలుపెట్టకుండుటే మేలు.

హయ్యర్‌గారి మూడవ ప్రయాణము ఇక్కడ చెప్పాలి. 1869లో రాజమండ్రి పని చేతులు మారబోతున్నదని విని, 76 ఏండ్ల వయస్సులో తానే వెళ్తానన్నాడు. వెళ్ళాడు. అయితే అక్కడే చనిపోవాలని పట్టుబట్టలేదు. యువకుడైన ష్మిత్ 1870లో వచ్చి చేరేవరకు ఉండి, ఆయనకు పని అప్పగించి, 1871లో ఓడ ఎక్కాడు. 1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో మరణించాడు. రాజమండ్రిలో పని ఆగలేదు.